పిట్ట వస్తేనే బువ్వ

"నీ టవరన్న పీకు, లేకుంటె నువ్వే వచ్చి నా మన్మరాలికి బువ్వ తినిపియ్యి. రెండిట్ల ఏదో ఒకటి చెయ్యి సారూ."

రామ్మోహనరావు ఇంకా స్కూటర్‌కి స్టాండు కూడా వెయ్యలేదు. సెల్‌ఫోన్ కంపెనీలో ఇంజనీరు ఆయన. రాయదుర్గంలో ఓంకార్ ఇంటి మీద రెండు నెలల కింద టవర్ వేయించిన పాపానికి, పక్కింటి కిష్టమ్మ పెట్టిన అర్జీలు ఇప్పటికి తొమ్మిది. తొమ్మిదింటిలోనూ ఒకటే మాట. టవర్ వచ్చింది, పిచ్చుకలు పోయాయి. అర్జీ వెనక్కి తీసుకున్నట్టు ఆమె చేత వేలిముద్ర వేయించకుండా ఆఫీసు మెట్లెక్కొద్దని పై ఆఫీసరు పొద్దున్నే చీవాట్లు పెట్టి పంపాడు.

కిష్టమ్మ చంకలో మూడేళ్ళ స్వప్న, చేతిలో పప్పన్నం తల్లె. కోడలు రేఖ మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఊడ్చే పనికి పోతుంది కాబట్టి పిల్లకు తినిపించే పని కిష్టమ్మదే. దండెం మీద పిచ్చుక వాలాలి, 'అగో పిట్ట' అనాలి, పిల్ల నోరు తెరవాలి, ముద్ద లోపల పడాలి. అలా అలవాటు చేసింది ఈవిడే. ఇప్పుడు పిట్టా లేదు, ముద్దా లేదు. చారెడు పాలు, రెండు బిస్కెట్ల మీద నెట్టుకొస్తోంది ఆ పిల్ల.

"నిన్న దవాఖానకు తీస్కపోతె కిలో తగ్గిందన్నడు డాక్టర్. గిట్లనే ఉంటె రేపొచ్చి చేర్పియ్యుమన్నడు. గ్లూకోజు ఎక్కిస్తరట. గీ గింత చేతికి సూది ఏడ గుచ్చుతరు సారూ?" అంది కిష్టమ్మ.

"మీ బాధ అర్థమైందమ్మా. కానీ టవర్‌కీ పిచ్చుకలకీ సంబంధం లేదండి. దాన్నుంచి వచ్చేవి తరంగాలు. మీ రేడియోకి వచ్చేవి కూడా అలాంటివే."

"మా రేడియో ఇరవై ఏండ్లకెల్లి మోగుతున్నది. ఒక్క పిట్ట లేశిపోలే."

"ఊరంతా స్లాబులు పోశారు కదండీ. పెంకుటిళ్ళు లేకపోతే అవి గూడెక్కడ పెట్టుకుంటాయి?"

"జర తలకాయెత్తి సూడు."

రామ్మోహనరావు తలెత్తి చూశాడు. కిష్టమ్మది పెంకుటిల్లే. వాసాల సందులో గూడు కూడా ఉంది, ఖాళీగా.

"కంటికి కానరానిది ఏం చేస్తదో, ఏం చెయ్యదో నీకెట్ల ఎర్క? పిట్టలనడిగినవా?"

"అదింకా ఎవరూ తేల్చలేదండి," అన్నాడు నీరసంగా. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివింది పిచ్చుకల తరఫున జవాబు చెప్పుకోడానికా అని ఒళ్ళు మండింది. "ముందు మీరీ కాగితం మీద వేలిముద్ర వెయ్యండి. పిచ్చుకల సంగతి నేను చూస్తాను."

"ఏం సూస్తవ్? పిల్ల ముంగట కూసోని కిచకిచమంటవా?"

పాపం, అన్నంత పనీ చేశాడు. అరుగు మీద కూర్చుని, అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని, కిచకిచమన్నాడు. స్వప్న ఆయన్ని ఎగాదిగా చూసింది. "పిట్ట ఏది?" అని నాయనమ్మను అడిగి మూతి బిగించుకుంది.

"సాలు తియ్. ఉన్న ఒక్క పిల్లను జడిపిస్తవా ఏంది?"

అప్పుడు మోగింది ఆయన జేబులో ఫోను. తొంభై తొమ్మిదిలో రాయదుర్గంలో అలాంటి నల్ల ఫోన్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన బయటికి తీశాడు. అది టింగుటింగుమని పాటలా మోగుతుంటే స్వప్న కళ్ళు ఇంతింతలయ్యాయి. నోరు దానంతటదే తెరుచుకుంది. కిష్టమ్మ ఆలస్యం చేస్తుందా, ముద్ద పెట్టేసింది. పిల్ల నమిలి మింగింది.

రామ్మోహనరావు ఫోనెత్తాడు. పాట ఆగింది, నోరు మూతపడింది.

"ఎందుకెత్తినవయ్య? మోగనియ్యరాదు?" కసిరింది కిష్టమ్మ.

"మా ఆఫీసరండి. వేలిముద్ర అయిందా అని..."

"మళ్ళ చెయ్యనీ. నువ్వు మాత్రం ఎత్తకు."

ఫోను పెట్టేశాడు. ఆఫీసరు ఊరుకుంటాడా, మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. అవతల ఆయన ఎన్నిసార్లు మండిపడితే ఇవతల అన్ని ముద్దలు దిగాయి. ఆయన విసిగి మానేశాక, రామ్మోహనరావు ఫోనులో ఉన్న పాటలన్నీ ఒక్కొక్కటే నొక్కి వినిపించాడు. తల్లె ఖాళీ కావస్తోంది. కిష్టమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నెల దాటింది ఆమె మొహంలో ఆ కళ కనపడి.

"మరి వేలిముద్ర అమ్మా..." గొణిగాడు రామ్మోహనరావు.

"పిట్టలు రానిదె ఎయ్య. రేపు నువ్వొస్తవా, నీ ఫోనొస్తదా? పిట్టయితె దినాం వస్తది. నీ పాట ఒక్కపూట ముచ్చట."

ఈ జన్మకి ఈ కాగితం ఇంతే అనుకుని ఆయన లేవబోతుంటే దండెం మీద రెక్కల చప్పుడైంది.

పిచ్చుక. గొంతు కింద నల్లమచ్చతో, నిజం పిచ్చుక. దాని వెనకే ఇంకోటి. రెండూ దండెం మీద ఎగురుతూ కిచకిచమని ఒకటే గోల. రామ్మోహనరావుకి ఆఫీసరుకి అప్పుడే ఫోను చెయ్యాలనిపించింది.

"బిడ్డా, అగో, పిట్టలొచ్చినయ్ సూడు," అంది కిష్టమ్మ. చివరి ముద్ద పిల్ల నోటికి అందించింది.

స్వప్న ఆ ముద్దను చేత్తో తోసేసింది. రామ్మోహనరావు చేతిలో ఇంకా మోగుతున్న ఫోనుకు చెవి ఆనించి, మొహం చిట్లించింది.

"నాయనమ్మా, గా పిట్టలను ఎల్లగొట్టు. పాట ఇనవడ్తలేదు."