గీత మీద తడి

ఎండలకు పైన బతకలేక కడప జనమంతా కొండ కడుపులోకి దిగి నలభై ఏళ్లయింది. నాగవేణి అక్కడే పుట్టింది, అక్కడే కోడలైంది. ఆమె వంటింటి గోడకు అడ్డంగా ఒక గీత ఉంది. గీత కింద రాతి పొరలు ఏటవాలుగా ఒరిగి ఉంటాయి, పైన పొరలు చాపలు పరిచినట్టు ఉంటాయి. ఆ రెంటి నడుమ కోట్ల ఏళ్ల పొరలు ఆనవాలు లేకుండా కొట్టుకుపోయాయని బడిలో చెప్పారు.

ఆ గీత చెమరుస్తుంది. కొండలోపలి ఇళ్లలో గోడ చెమ్మగిల్లితే ఆ ఇంటి ఆడదానికి ఇల్లు చక్కబెట్టుకోవడం రాదంటారు. అందుకే అత్త లేవకముందే నాగవేణి గీత పొడవునా సున్నం మెత్తేస్తుంది.

ఇవాళ అత్త ఓబుళమ్మ ముందే లేచింది. గీత మీద వేలు రాసి, నాలుకకు తగిలించుకుని, అట్లాగే నిలబడిపోయింది.

“వాన నీళ్లే ఇవి. కొత్త నీళ్లు.”

“పైన చుక్క పడలేదని మైకులో రోజూ చెప్తాండారు గదత్తా?”

“వానలో తడిసినదాన్ని, నాకు తెల్దా? ఎన్నాళ్ల నుంచి కారతాంది?”

నాగవేణి చేతిలోని తాపీ కింద పెట్టింది. “కాపురానికొచ్చినప్పట్నుంచి. పన్నెండేండ్లు. నువ్వు తిడతావని పూస్తానే ఉండా.”

ఓబుళమ్మ గోడకు చెవి ఆనించింది. గోడ అవతల పక్కింటి కోడలి తాపీ గీకుతున్న చప్పుడు వినిపించింది. దాని అవతల ఇంకొకటి.