చిరుత ఎన్నింటికి వస్తుంది?

"బాబూ, చిరుత ఎన్నింటికి వస్తుంది?"

నల్లకళ్లద్దాల పెద్దమనిషి బస్సు వేళ అడిగినంత తీరిగ్గా అడిగాడు. ఫారెస్టు గార్డుకి ఒళ్లు మండిపోయింది.

"బోర్డు పెట్టింది మీరు వెనక్కి వెళ్లిపోవాలని సార్, కాచుక్కూర్చోవాలని కాదు."

"మూడు గంటలు కారు నడుపుకుని వచ్చామయ్యా. చూడకుండా పోతామా?" అంటూ పెద్దమనిషి చిప్స్ పొట్లం అడుగుదాకా దులిపి నోట్లో పోసుకుని, ఖాళీ పొట్లాన్ని చెరువులోకి విసిరాడు. అది అక్కడ తేలుతున్న పిల్లల డైపర్ పక్కకి చేరింది.

గార్డు మొహం తిప్పుకున్నాడు. తిప్పిన వైపున ఒకాయన "ఇక్కడ మూత్రవిసర్జన చేయరాదు" అన్న పలకకే ఎదురుగా నిలబడి ఆ పనే కానిస్తున్నాడు.

చెరువు గట్టు మీద గులకరాళ్ల మధ్య పిట్టల గూళ్లున్నాయి. గూడంటే నేలలో చిన్న గుంట, అంతే. గుడ్లు చూడటానికి అచ్చం గులకరాళ్లే. పోయినేడు ఒక్క పిల్ల కూడా బయటికి రాలేదు, గుడ్లన్నీ జనం చెప్పుల కిందే చితికిపోయాయి. ఈసారి పదకొండు గూళ్లున్నాయి. ఇంకో పది రోజులు ఎవరూ అటు అడుగు పెట్టకపోతే చాలు, పిల్లలు బయటపడతాయి. ఎలాగైనా వాటిని బతికించుకోవాలని గార్డుకి పంతం పట్టుకుంది.

మొదట గూళ్ల చుట్టూ తాడు కట్టాడు. దాన్ని ఊడదీసి చెట్టుకి ఊయల కట్టుకుని ఊగారు. దండం పెట్టి చెప్పాడు. అది కూడా వీడియో తీసుకున్నారు. అంతలో నాలుగు రోజుల కిందట బురదలో చిరుత అడుగులు కనిపించాయి. పోనీ, దీనికైనా భయపడతారని ఎర్రరంగుతో బోర్డు రాసి పాతాడు. "చిరుత తిరుగుతోంది. ప్రాణాపాయం. ముందుకు వెళ్లరాదు."

భయపడటం మాట దేవుడెరుగు, బోర్డుని కావలించుకుని మరీ ఫోటోలు దిగారు. ఆ ఫోటోలు ఊళ్లన్నీ తిరిగాయి. మర్నాటికి జనం రెండింతలయ్యారు. ఈ ఆదివారం ఇసక వేస్తే రాలడం లేదు.

టికెట్ల గదిలో కూర్చునేది అతని వదినే. కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏం మరిదిగారూ, బోర్డు రాశారా, శుభలేఖ రాశారా?"

"నీకు నవ్వులాటగా ఉంది వదినా. అక్కడ గుడ్లు పచ్చడైపోతున్నాయి."

"మరి నన్నేం చేయమంటావు? ఇందాక ఒకావిడ పచ్చి మాంసం సంచితో వచ్చింది. చిరుతకి పెట్టి దగ్గర్నుంచి చూస్తుందట. లోపలికి తీసుకెళ్లకూడదంటే, నీ సొమ్మేం పోయిందని నన్నే తిట్టి వెళ్లింది."

గార్డు గట్టు మీదికి పరుగెత్తాడు. స్పీకరు మోగుతోంది. నలుగురు కుర్రాళ్లు చేతులూపుకుంటూ గెంతుతున్నారు. వాళ్ల బూట్ల కింద పచ్చసొన కనబడింది. తల్లిపిట్ట వాళ్ల తలల మీదుగా అరుస్తూ తిరుగుతోంది. ఒకడు దాని అరుపుని అనుకరించాడు, మిగతావాళ్లు పడీపడీ నవ్వారు. ఈ మనుషుల మధ్య తనూ ఒక మనిషైనందుకు గార్డుకి సిగ్గేసింది.

"చిరుత ఉందిరా ఇక్కడ! ప్రాణాల మీద ఆశ లేదా?" అని గొంతు చించుకున్నాడు.

"నేను చూశాగా! ఆ పొద వెనకాలే ఉంది, ఇంత లావుంది," అన్నాడు ఒకడు చేతులు బారజాపి.

గార్డు వాడికేసి అసహ్యంగా చూశాడు. వాడు చూపించిన పొద దగ్గరికి ఒక్కడే వెళ్లి, అక్కడ పడున్న సీసాలు ఏరి సంచిలో వేసుకున్నాడు.

బురద దగ్గర ఒక ముసలావిడ కొడుకు చెయ్యి పట్టుకుని వంగి చూస్తోంది. "ఒరే, ఇవన్నీ ఒక్క కాలివేరా. కుంటుకుంటూ నడిచిందేమో పాపం."

"నువ్వు పక్కకి జరగవే అమ్మా, ఫోటోలో పడుతున్నావు."

పొద్దుటినుంచి వచ్చిన వాళ్లలో నేలని నేలలా చూసింది ఆవిడొక్కతే. గార్డు ఆవిడకి చెయ్యి అందించి దారి దాకా దిగబెట్టాడు.

మధ్యాహ్నానికి మూడు గూళ్లు మిగిలాయి. గార్డు తిన్నగా ఆఫీసరు గదికి వెళ్లాడు.

"సార్, ఈ పూటే గట్టు మూయించండి. మూడే మిగిలాయి."

"మూయడమా? నీకేమైనా మతి పోయిందా?" ఆఫీసరు మొహం వెలిగిపోతోంది. "ఎన్నేళ్లకి మన అడవికి చిరుత వచ్చిందయ్యా! పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. రేపు ఆ గట్టు మీదే మంచె వేయిస్తున్నాను. పనివాళ్లు పొద్దున్నే దిగుతారు."

"గూళ్ల మీదా సార్?"

"పిట్టలు మళ్లీ ఏడాదికి పెడతాయి. చిరుత మళ్లీ వస్తుందా? అది ఇక్కడ ఉన్నంత కాలం గట్టు మూసే ప్రసక్తే లేదు. అన్నట్టు, ఆ అడుగులు తొక్కేయకముందే ప్లాస్టర్ పోసి అచ్చు తీయించు. గేటు దగ్గర అద్దాల పెట్టెలో పెడదాం."

పదహారేళ్ల ఉద్యోగం, ఇంటి దగ్గర చదువుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు, ఇంకా గుడ్లు పొదుగుతున్న ఆ మూడు పిట్టలు, అన్నీ ఒక్కసారే గార్డు కళ్లముందు మెదిలాయి. తన గదికి వెళ్లి, గుడ్డలో చుట్టిన బరువైనదేదో తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆఫీసరు గుడ్డ విప్పాడు. తెల్లటి ప్లాస్టర్‌లో చిరుత పంజా, వేళ్లతో సహా ఉబ్బెత్తుగా ఉంది.

"అప్పుడే తీసేశావా? శభాష్!"

"దీన్ని తీసి పన్నెండేళ్లయింది సార్, వేరే అడవిలో." గార్డు ఆ పంజా మీద వేలు పెట్టాడు. "ఇక్కడ బురదలో అద్దింది నేనే."