లోపలి గదికి గడియ

పొద్దున్నే జిలాని బాషా లోపలి గది తలుపు ఊడబీకి వాకిట్లో పడేసేసరికి షరీఫా బీకి సంతోషమే వేసింది.

పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆ తలుపు గురించి మొగుడి చెవిలో పోరుతూనే ఉంది. చెక్క చెదలు తినేసింది. బందులు ఊగుతున్నాయి. జిన్నింగు మిల్లులో దూది బేళ్లు మోసి వచ్చే మనిషి, సెలవు దొరికితే చాపకు అతుక్కుపోయేవాడు. అలాంటివాడు ఇవాళ మిల్లు ఎగ్గొట్టి మరీ రంపం, సుత్తి ముందేసుకుని కూర్చున్నాడు.

ఆమెకు ఇంకో సంతోషం కూడా ఉంది. ఆదోనిలో ఆ ఏడు రంజాన్ నడి మే నెలలో వచ్చింది. బరువులు మోసేవాడికి ఎండాకాలం రోజాలు కుదరవని ఏటా తప్పించుకునే జిలాని, ఇవాళ తనూ రోజా ఉంటానన్నాడు. తెల్లారకముందే తినే సహరీకి లేపితే లేచాడు గానీ ముద్ద ముట్టలేదు. అలవాటు లేని పని, ఆకలి ఎలా వేస్తుందిలే అని ఊరుకుంది. అల్లా ఇన్నాళ్లకు ఈయన మనసు తిప్పాడని లోలోపల మురిసిపోయింది.

పేటలో దొంగలు తిరుగుతున్నారట. మిల్లులో అందరూ అదే మాటట. అందుకే ఈ హడావుడి.

“రేపు సేసుకోవచ్చు కదబ్బా, ఇంత ఎండలో ఎందుకు?” అంది షరీఫా.

“నీకూ బిడ్డకూ ఏమన్నా అయితే నేనేం సేసేది? ఈ పొద్దే అయిపోవాల,” అన్నాడు జిలాని.

ఆ మాటకు ఆమె కళ్లు తడిశాయి. ఇంత ప్రేమ ఉన్నట్టు ఏనాడూ బయటపడని మనిషి.

పాత చెక్క తీసేసి కొత్త పలకలు బిగించాడు. మిల్లులో బేళ్లకు చుట్టే ఇనప పట్టీలు తెచ్చి, వాటి మీద అడ్డంగా మేకులతో దిగ్గొట్టాడు. గడియ బయటి వైపు పెడుతుంటే షరీఫా నవ్వింది. దొంగకు వీలుగా పెడుతున్నావా అని అడిగింది. తాళం వేసుకుంటాం కదా అన్నాడు. గదిలో ఉన్న ట్రంకుపెట్టె, బియ్యం మూట, బొంతలు అన్నీ తెచ్చి ముందు గదిలో పడేశాడు. సున్నం కొట్టాక మళ్లీ సర్దుకుందామన్నాడు.

తర్వాత మిద్దె ఎక్కి, ఆ గదికి గాలీ వెలుతురూ వచ్చే గవాచి మీద బండ కప్పేశాడు. లోపల ఉడికి చస్తామని ఆమె గోల పెట్టింది. దొంగలు దిగేది అందులోంచే అని కసిరాడు.

మధ్యాహ్నానికి అతని వాలకం మారిపోయింది. కళ్లు ఎర్రబడ్డాయి. పిక్క గోక్కుంటూనే ఉన్నాడు. చెమటకు పేలిందనుకుని, పక్కన కూర్చుని విసనకర్రతో నాలుగు విసుర్లు విసిరింది. ఒక్క ఉదుటున లేచి విసనకర్ర లాగి అవతల పారేశాడు. ఆమెకు కోపం వచ్చింది గానీ, కడుపులో ఏమీ లేనివాడితో ఏం గొడవలే అని మింగేసింది.

ద్వారబంధం చుట్టూ మెత్తడానికి మట్టి కలపాలి. షరీఫా బిందెతో నీళ్లు తెచ్చి పోస్తుంటే అతను మొహం గోడకు తిప్పుకున్నాడు. నువ్వే కలిపియ్యి అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు మొదటి రోజా నాడు తనూ అంతే, కుండ వైపు చూస్తే ఎక్కడ తాగేస్తానోనని భయపడేది.

నాలుగేళ్ల కూతురు దౌలత్‌బీ పరిగెత్తుకొచ్చి నాయన వీపు మీద ఎక్కబోయింది. అతను విదిలించిన విసురుకు పిల్ల వెల్లకిలా పడింది. ఏడుస్తున్న పిల్లను ఎత్తుకోలేదు. దూరంగా నిలబడి చూస్తూ ఉండిపోయాడు. షరీఫాకు ఇక పట్టరాని కోపం వచ్చి, ఇలాంటి రోజా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని దులిపేసింది. అతను తిరిగి సుత్తి అందుకున్నాడు.

పొద్దు వాలుతుండగా పక్క వీధిలో ఉండే అతని అన్న ఖాదర్ వలి వచ్చాడు. జిలానియే కబురు పెట్టాడట. ఇద్దరూ గోడ పక్కకు పోయి గుసగుసగా మాట్లాడుకున్నారు. ఖాదర్ వలి తమ్ముడి భుజం మీద చెయ్యి వెయ్యబోతే జిలాని వెనక్కి జరిగాడు. పెద్దాయన తిరిగొచ్చి, సున్నం ఘాటు పిల్లకు పడదు, ఈ రాత్రికి మా ఇంట్లో పడుకుంటుందని చెప్పి దౌలత్‌బీని ఎత్తుకున్నాడు. పోతూ పోతూ షరీఫా మొహం కూడా చూడలేదు. అన్నదమ్ములకు మళ్లీ ఏదో చెడింది, పండగ నెలలో ఈ తగువులేమిటని ఆమె బాధపడింది.

సాయంత్రానికి తలుపు నిలబడింది. షరీఫా పళ్లెంలో ఖర్జూరాలు, గంజి, చెంబుతో నీళ్లు సిద్ధం చేసింది. మొదటి రోజా గడిచింది, ఇక మిగిలినవి అవే గడుస్తాయని ఆమె ధైర్యం.

అప్పుడు జిలాని పిలిచాడు.

“నేను లోపలికి పోయి తోస్తా. నువ్వు గడియేసి తాళం బెట్టు. ఎంత గట్టిగుందో సూద్దాం.”

ఆమె గడియ వేసి, తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది. అతను లోపలి నుంచి భుజంతో గుద్దాడు. కాళ్లతో తన్నాడు. బేళ్లు మోసే మనిషి బలమంతా పెట్టినా తలుపు ఇసుమంతైనా కదల్లేదు. షరీఫాకు ఎంత గర్వమో. ఇంక ఏ దొంగ వచ్చినా మాకేం భయం అనుకుంది.

మసీదులో రోజా విడిచే బాంగు వినబడింది. ఆమె గబగబా చెంబు తెచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“బాంగు అయింది. నీళ్లు తెచ్చినా, తాళం తీస్తాండా,” అంది.

లోపల అతను తలుపు వదిలి మూలకు జరిగిన చప్పుడైంది.

“తియ్యొద్దు షరీఫా, నేనెంత అరిసినా తియ్యొద్దు, నీకు సెప్పలేదు గానీ సలికాలంలో మిల్లుకాడ నన్ను పిచ్చికుక్క కరిసింది.”