ఈస్టరు జాడీ

తీపి సూది వచ్చాక ఊళ్లో షుగరు జబ్బు పోయింది. దాంతోపాటే అందరి నాలుకలకూ తీపి తెలియకుండా పోయింది. మేడ్చల్లో ఆ సూది వేయించుకోనిది మా అత్తమ్మ రాహేలమ్మ ఒక్కతే.

మా పెరట్లో ముత్తాతల నాటి అనాబ్ రకం ద్రాక్షతీగ ఉంది. ఆ పండ్లను అత్తమ్మ మేడ మీద ఎండకు వాడబెట్టి, జాడీలో పులియబెట్టి, ఆ రసాన్ని ఈస్టరుకు చర్చిలో ప్రభుభోజనానికి ఇచ్చేది. తీపి కుదిరిందో లేదో ఆమె నాలుకే చెప్పాలి. అందుకే సూది వద్దంది, ఒక కాలు షుగరుకు పోగొట్టుకుంది.

రెండో కాలూ పోతుందని డాక్టరమ్మ చెప్తే, ఈ ఏడు నేనే బతిమాలి సూది వేయించాను.

మట్టలాదివారం నాడు అత్తమ్మ జాడీ మూత తీసి, ఒక చెంచా రసం నోట్లో పోసుకుంది. చాలాసేపు మింగలేదు.

"పులుపు తెలుస్తుంది సలోమీ. ఇంకేం తెలుస్తలేదు. ఇది చర్చికి ఎట్ల ఇయ్యాలె?"

నా నాలుకా అంతే కదా. గడప పక్కన బండ మీద ఒక చుక్క వేసి, ఆమె కుర్చీ అక్కడికి జరిపాను. కాసేపటికి ఒక చీమ వచ్చి మూతి పెట్టి వెళ్లిపోయింది. అత్తమ్మ కళ్లు మూసుకుంది.

"సూడు అత్తమ్మా," అన్నాను.

గోడ వెంబడి చీమలు బారు కట్టి వస్తున్నాయి.

అత్తమ్మ కుర్చీలోంచే కిందికి వంగింది.

"తియ్యగుందా బిడ్డా?" అని వాటిని అడిగింది.