చివరి వంతు

అడవిలో ఊట ఒక్కటే. దాని దగ్గర వంతులు చూసేది కొంగవ్వ. ఎండాకాలానికి ముందే పెద్ద గుంటొకటి నింపాలనుకున్న భద్రమ్మ ఏనుగు, "నా పని ఇప్పట్లో తెమిలేది కాదు. నన్ను అందరి వెనకాల పెట్టవ్వా" అంది.

నక్క పగలబడి నవ్వింది. "అంత ఒళ్లు పెట్టుకుని చివర నిలబడతావా? అవ్వా, నన్ను ముందుకు జరుపు!"

"వెనక్కి తగ్గడం ఎవరిష్టం వాళ్లది. ముందుకు జరగాలంటే సింహం మాట కావాలి" అంది కొంగవ్వ.

పిచ్చుక వచ్చినా భద్రమ్మ పక్కకు తప్పుకునేది. ఎవరూ లేనప్పుడు తొండంతో తోడి గుంటలో పోసేది.

ఎండలు ముదిరి ఊట ఎండిపోయింది. నక్క నాలుక వేలాడేసుకుని నిండు గుంట దగ్గరికొచ్చింది.

భద్రమ్మ తొండం పైకెత్తి నిలబడింది. "ముందు నువ్వు తాగు. చివరి వంతు నాది, అడిగి మరీ తెచ్చుకున్నాను."