గదిలో ఎవరున్నారు?

"పెన్ను పక్కన పెట్టి, చెవులు రిక్కించుకుని కూర్చున్నావేంటమ్మా? జవాబులు ఎవరు చెబుతున్నారు?" ఫోన్‌లోంచి మాస్టారి గొంతు గట్టిగా వినిపించింది.

కరోనా వల్ల ఆ ఏడు యూనివర్సిటీ పరీక్షలు ఎవరింట్లో వాళ్ళే రాస్తున్నారు. ఫోన్ కెమెరాల్లోంచి అందర్నీ కాపలా కాయడం మాస్టారి పని.

"ఎవరూ లేరు సార్."

"అందరూ చెప్పే మాటే. మంచం కింద ఎవర్ని దాచావో చూపించు. అబద్ధమని తేలిందా, పేపరు రద్దు చేసేస్తాను."

ఆ అమ్మాయి ఫోన్ తీసి గదంతా తిప్పి చూపించింది. మంచం కింద ట్రంకుపెట్టె ఉంది. దండెం మీద ఒక్క తువ్వాలు ఆరుతోంది. తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది.

"మీ వాళ్ళేరీ?"

"అమ్మానాన్నల్ని ఆసుపత్రిలో ఉంచేశారు సార్. నన్ను గడప దాటొద్దన్నారు."

మాస్టారు గొంతు తగ్గించారు. "మరి రాయవేం? టైం అయిపోతోంది."

"రాసేసి చాలాసేపయింది సార్."

"అయితే పేపరు పంపించేసి లేవొచ్చుగా?"

"పంపిస్తే మీరు వెళ్ళిపోతారు కదా సార్," అంది.



"ఇంకా అరగంట ఉంది," అన్నారు మాస్టారు. "తప్పులేమైనా ఉన్నాయేమో నిదానంగా చూసుకో. కంగారేం లేదు."