ఇప్పచెట్టు కింద చీపురు

అమ్రాబాద్ అడవిలో మంటలు రాకుండా కాపలా కాయడం గురవయ్య పని. తెల్లారి గస్తీకి వెళ్తే, పిల్లనిచ్చిన అత్త ఈదమ్మ ఇప్పచెట్టు కింద ఎండుటాకులు ఊడుస్తూ కనబడింది. రాలిన పువ్వు కనబడి ఏరుకోవాలంటే ఆకులకు నిప్పు పెట్టడమే గూడెంలో అందరికీ అలవాటు.

గురవయ్య ఛాతీ ఉబ్బింది. “నిప్పు పెట్టొద్దని నేను మీటింగుల చెప్పింది నీకు మంచిగనే ఎక్కింది అత్తా!”

“నీ మీటింగుల నేను గురక పెట్టి పండుకున్న అల్లుడా.”

“మరి గీ బుద్ధి యాడికెళ్లి వచ్చింది?”

“పోయినేడు గుట్ట అంటుకుంటే పచ్చికొమ్మ పట్టుకొని ఆర్పనీకి ఒక్కనివే ఉరికినవ్. మీసం కాలి, చేతులు బొబ్బలెక్కి, కోతి లెక్క తిరిగొచ్చినవ్. నా బిడ్డ ఒకటే ఏడ్సుడు.”

గురవయ్య చెయ్యి మీసం మీదికి పోయింది. “గుట్టంత నాటిన మొక్కలన్నీ బుగ్గిపాలైనయ్. ఆ మంట పెట్టినోడు ఇయ్యాల్టికీ దొరకలే. దొరికితే బొక్కలు ఇరగ్గొడ్త.”

ఈదమ్మ తల ఎత్తలేదు. “దొరికింది గదా. నీ ముంగటనే ఊడుస్తాంది.”

గురవయ్య మీసం మీది చెయ్యి దించాడు. ఆమె చేతిలోని చీపురు లాక్కున్నాడు.

“జర జరుగు. గట్ల ఊడిస్తే పొద్దుగూకుతది.”